నీరు పోస్తే మంట ఎందుకు ఎగసింది?

రమజాన్ మాసంలో ఇఫ్తార్ వేళకు ముందు వంటింట్లో ఉండే హడావుడి మన కుటుంబాలన్నిటికీ పరిచయమే. ఒక పొయ్యి మీద గంజి ఉడుకుతూ ఉంటుంది. మరొక పొయ్యి మీద కడాయిలో సమోసాలు, పకోడీలు వేగుతూ ఉంటాయి. అటువంటి ఒక సాయంత్రం తమ ఇంట జరిగిన సంఘటనను ఒక పాఠక సోదరి మాకు వ్రాసి పంపారు. ఖర్జూరాలు, పండ్లు సర్దడానికి ఆమె కొద్ది నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి కడాయిలోని నూనె అంటుకొని మండుతోంది. కంగారులో చేతికందిన చెంబుతో నీళ్ళు పోశారు. మంట ఆరలేదు సరికదా, ఒక్కసారిగా పైకప్పు దాకా ఎగసింది. అల్లాహ్ దయవల్ల ప్రాణాపాయం తప్పింది కాని, ఆమె ముంజేయి కాలింది. "నిప్పును ఆర్పేది నీరే కదా! మరి నీరు పోస్తే మంట ఎందుకు పెరిగింది?" అని ఆమె అడిగారు.

ఈ ప్రశ్నకు సమాధానం మన పిల్లలు ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో చదివే ఒక పాఠంలో ఉంది. ధ్రువ అణువులు, అధ్రువ అణువులు అన్నది ఆ పాఠం. పరీక్షలో రెండు మార్కుల కోసం దానిని కంఠస్థం చేసి, పరీక్ష కాగానే మరచిపోవడం పరిపాటి. కాని ప్రతి ఇంటి వంటగదిలోనూ ఆ పాఠానికి రోజూ పని ఉంటుంది. ఈ నెల ఆ పాఠాన్ని మొదటి నుంచి చూద్దాం.

పంచుకోవడంలో తేడా

చాలా పదార్థాలు అణువులతో, ప్రతి అణువూ పరమాణువులతో ఏర్పడినవని మనకు తెలుసు. నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. వీటిని కలిపి ఉంచేది ఎలక్ట్రాన్ల జంట. రెండు పరమాణువులు ఒక జంటను ఉమ్మడిగా పంచుకుంటాయి. ఆ పంపకమే బంధం.

అయితే పంపకం ఎల్లప్పుడూ సమానంగా జరగదు. చలికాలపు రాత్రి ఒకే రజాయి కప్పుకొని పడుకున్న అన్నదమ్ములను తలచుకోండి. ఇద్దరి బలమూ సమానమైతే రజాయి మధ్యలోనే నిలుస్తుంది. అన్న బలవంతుడైతే తెల్లవారేసరికి రజాయి చాలా వరకు అతని వైపుకే చేరుతుంది. తమ్ముడికి కొస మాత్రమే మిగులుతుంది. పరమాణువులలోనూ ఇంతే. ఉమ్మడి ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కొనే శక్తి ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. దానిని ఋణ విద్యుదాత్మకత అంటారు. అమెరికా శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ 1932లో ఈ శక్తిని కొలిచే ఒక మానాన్ని రూపొందించారు. ఆ మానం ప్రకారం హైడ్రోజన్ విలువ 2.20, కార్బన్ విలువ 2.55, ఆక్సిజన్ విలువ 3.44.

ఈ మూడు అంకెలను గుర్తుంచుకుంటే సగం పాఠం వచ్చినట్లే. కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ తేడా 0.35 మాత్రమే. కనుక వాటి మధ్య ఎలక్ట్రాన్ల పంపకం ఇంచుమించు సమానంగా జరుగుతుంది. ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ తేడా 1.24. అందువల్ల నీటి అణువులో ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు జరుగుతాయి. ఆక్సిజన్ కొస స్వల్పంగా ఋణావేశాన్ని, హైడ్రోజన్ కొసలు స్వల్పంగా ధనావేశాన్ని పొందుతాయి. అయస్కాంతానికి రెండు కొసలలో రెండు ధ్రువాలు ఉన్నట్లే ఈ అణువుకూ రెండు విద్యుత్ ధ్రువాలు ఏర్పడతాయి. ఇటువంటిదే ధ్రువ అణువు. ఆవేశం ఒక వైపుకు ఒరగకుండా సమంగా పరచుకొని ఉన్నది అధ్రువ అణువు.

ఆకారం ఇచ్చే తీర్పు

ఇక్కడ చాలామంది విద్యార్థులు ఒక పొరపాటు చేస్తారు. బంధంలో పంపకం అసమానంగా ఉంటే అణువు తప్పక ధ్రువ అణువే అవుతుందని భావిస్తారు. అది నిజం కాదు. మనం విడిచే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూడండి. దానిలో మధ్యన కార్బన్, అటొకటి ఇటొకటి ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. రెండు ఆక్సిజన్లూ ఎలక్ట్రాన్లను తమ వైపు లాగుతాయి. కాని ఆ మూడు పరమాణువులూ ఒకే సరళరేఖలో ఉన్నందున రెండు లాగుళ్ళూ సరిగ్గా ఎదురెదురు దిశలలో పనిచేస్తాయి. తాడును సమాన బలంతో ఇరువైపులా లాగితే అది ఎటూ కదలదు కదా! అందువల్ల బంధాలు రెండూ ధ్రువ స్వభావం గలవే అయినా, అణువు మొత్తం మీద అధ్రువ అణువుగానే మిగులుతుంది.

నీటిలో అలా జరగదు. నీటి అణువు వంగి ఉంటుంది. ఆక్సిజన్‌కూ హైడ్రోజన్లకూ మధ్య ఉన్న రెండు బంధాల నడుమ కోణం 104.5 డిగ్రీలు. లాగుడు రెండూ ఒకే పక్కకు మొగ్గుతాయి కాబట్టి ఒకదానినొకటి రద్దు చేసుకోవు. ఈ అసమానతను కొలిచే రాశిని ద్విధ్రువ భ్రామకం అంటారు. దానిపై లోతైన పరిశోధన చేసిన పీటర్ డిబై 1936లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన పేరనే దాని ప్రమాణాన్ని డిబై అని పిలుస్తారు. ఆ ప్రమాణంలో నీటి విలువ సుమారు 1.85, కార్బన్ డయాక్సైడ్ విలువ సున్నా.

అంత చిన్న వంపు వల్ల కలిగే ఫలితం ఎంత పెద్దదో తెలియాలంటే నీటిని మీథేన్‌తో పోల్చి చూడాలి. గోబర్ గ్యాస్‌లో ప్రధానంగా ఉండేది మీథేన్. దాని అణుభారం 16, నీటి అణుభారం 18. బరువులో రెండూ ఇంచుమించు సమానమే. కాని మీథేన్ మైనస్ 161 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి వాయువైపోతుంది. నీరు మరగడానికి 100 డిగ్రీలు కావాలి. మీథేన్ అధ్రువ అణువు. దాని అణువుల మధ్య ఆకర్షణ చాలా బలహీనం. నీటి అణువులు ఒకదాని ధన కొసతో మరొకదాని ఋణ కొసను పట్టుకొని ఉంటాయి. ఈ పట్టుకే హైడ్రోజన్ బంధం అని పేరు. ఆ పట్టు లేకపోతే మన నదులూ, సముద్రాలూ ద్రవంగా నిలిచేవి కావు.

నూనెకూ నీటికీ వైరం ఉందా?

ఇప్పుడు నూనె సంగతి. వేరుశనగ నూనె గాని, పొద్దుతిరుగుడు నూనె గాని, దాని అణువులో కార్బన్, హైడ్రోజన్‌లతో అల్లిన మూడు పొడవాటి గొలుసులు ఉంటాయి. గొలుసులు కలిసే చోట కొన్ని ఆక్సిజన్ పరమాణువులు ఉన్నా, ఆ పొడవాటి గొలుసుల ముందు వాటి ప్రభావం స్వల్పం. కాబట్టి నూనె స్వభావం అధ్రువం.

నూనెకు నీరంటే పడదని, రెండూ ఒకదానినొకటి వికర్షించుకుంటాయని సాధారణంగా అంటుంటారు. నిజానికి వాటి మధ్య వికర్షణ ఏమీ లేదు. నీటి అణువులు తమలో తాము గట్టిగా చేతులు పట్టుకొని ఉంటాయి. మధ్యలోకి నూనె అణువు రావాలంటే ఆ చేతులు విడవాలి. విడిచినందుకు నూనె నుంచి వాటికి తిరిగి లభించే పట్టు ఏమీ లేదు. అందుచేత నీరు తన వారితోనే కలిసి ఉంటుంది, నూనె ఒక పక్కకు చేరుతుంది. పంచదారకు నీటితో చేయి కలపగల కొసలు అనేకం ఉన్నాయి గనుక అది నీటిలో కరిగిపోతుంది. ధ్రువ పదార్థాలు ధ్రువ ద్రవాలలో, అధ్రువ పదార్థాలు అధ్రువ ద్రవాలలో కరుగుతాయన్న సూత్రం పుట్టింది ఇందువల్లనే.

బిర్యానీ వండే సోదరీమణులకు ఈ సూత్రం పేరు తెలియకపోయినా ఆచరణ తెలుసు. కుంకుమపువ్వును వారు గోరువెచ్చని పాలలో నానబెడతారు. ఎర్ర మిరపపొడిని మాత్రం నూనెలో వేయిస్తారు. విచిత్రమేమంటే ఈ రెండింటి రంగులూ రసాయనికంగా ఒకే కుటుంబానికి, కెరోటినాయిడ్ల కుటుంబానికి చెందినవి. కాని కుంకుమపువ్వులోని క్రోసిన్ అణువుకు రెండు కొసలలోనూ చక్కెర భాగాలు అతుక్కొని ఉంటాయి. ఆ చక్కెరల పుణ్యమా అని అది పాలలోని నీటిలో కరిగి పసుపువన్నె తేరుతుంది. మిరప ఎరుపుకు ఆ చక్కెరలు లేవు. అందుకే సాలన్ పైన తేలే నూనె అంత ఎర్రగా కనిపిస్తుంది.

మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ కూడా నూనెలో కరిగే పదార్థమే. నోరు మండినప్పుడు గ్లాసెడు నీళ్ళు త్రాగితే క్షణకాలం చల్లగా అనిపిస్తుందే గాని, ఘాటు పోదు. పాలు, పెరుగు అయితే ఉపశమనం ఇస్తాయి. వాటిలోని కొవ్వు, కేసిన్ అనే మాంసకృత్తి క్యాప్సైసిన్‌ను పట్టుకొని నాలుక మీద నుంచి తొలగిస్తాయి. బిర్యానీ పక్కన పెరుగు చట్నీ పెట్టే ఆచారం వెనుక ఇంత రసాయన శాస్త్రం ఉంది.

రెండు వైపులా స్నేహం

కలవని రెండింటిని కలపడానికి మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి సబ్బు. సబ్బు అణువుకు ఒక కొస విద్యుదావేశం గల తల, మరొక కొస నూనె గొలుసు వంటి పొడవాటి తోక. తోకలు జిడ్డులోకి చొచ్చుకుపోతాయి, తలలు నీటి వైపు తిరిగి ఉంటాయి. జిడ్డు చిన్న చిన్న బిందువులుగా విడిపోయి, నీటితో పాటు కొట్టుకుపోతుంది. సిరియాలోని అలెప్పోలో, పాలస్తీనాలోని నాబ్లస్‌లో తరతరాలుగా ఆలివ్ నూనెతో తయారయ్యే సబ్బులు ఈ పనే చేస్తున్నాయి. నూనెతో చేసిన వస్తువే నూనెను కడిగివేయడం వింతగా తోచినా, కారణం ఇదే.

అత్తరు విషయంలోనూ ఈ భేదం కనిపిస్తుంది. బాగ్దాదు విజ్ఞానవేత్త అల్ కిందీ 9వ శతాబ్దంలోనే సుగంధ ద్రవ్యాల రసాయనం గురించి, బట్టీ పట్టడం గురించి ఒక గ్రంథం రచించారు. ఉత్తర ప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ రాగి పాత్రలలో పూలను నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనె ఉన్న పాత్రలోకి పంపుతారు. ఆవిరి చల్లబడిన తరువాత నీరు, నూనె వేరుపడతాయి. పరిమళంలోని అధ్రువ అణువులు నూనెలోనే నిలిచిపోతాయి. గులాబీ పూలలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే మరొక పరిమళ ద్రవ్యం ఉంది. దానికి నీటితో చేయి కలపగల కొస ఒకటి ఉండటం చేత అది చాలా వరకు నీటిలోకి వెళుతుంది. ఒకే పువ్వు నుంచి వచ్చినా గులాబీ నూనె వాసన ఒక తీరుగా, పన్నీరు వాసన మరొక తీరుగా ఉండటానికి ఈ పంపకమే ముఖ్య కారణం.

పొరపాటు ప్రమాదమయ్యే చోట

ఇంతవరకు చెప్పినవి తెలియకపోయినా పెద్ద నష్టం లేదు. ఇక చెప్పబోయేవి మాత్రం ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

విటమిన్లలో బి, సి వర్గాలు నీటిలో కరుగుతాయి. మోతాదు మించినది చాలా వరకు మూత్రంతో బయటకు పోతుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. అవి కాలేయంలో, శరీరపు కొవ్వులో నిలువ ఉంటాయి. ముఖ్యంగా ఎ, డి విటమిన్లు మోతాదు మించి చేరితే హాని చేస్తాయి. బలం కోసమని పసిపిల్లలకు డి విటమిన్ చుక్కలు ఎక్కువగా వేయడం, వైద్యులు చెప్పిన వారాలు దాటినా పెద్దలు ఆ మాత్రలు కొనసాగించడం మంచిది కాదు.

రెండవది కిరోసిన్, టర్పెంటైన్, పెయింట్ థిన్నర్ వంటి ద్రవాల విషయం. వీటిని శీతల పానీయాల ఖాళీ సీసాలలో పోసి ఉంచే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. పిల్లవాడు పొరపాటున త్రాగితే పెద్దలు కంగారులో ఉప్పునీళ్ళు పట్టి, వేలు పెట్టి వాంతి చేయిస్తారు. ఇది చాలా ప్రమాదకరం. ఈ ద్రవాలు పలుచనివి. వాంతితో పైకి వచ్చేటప్పుడు సులభంగా ఊపిరితిత్తులలోకి జారుతాయి. అక్కడి తేమతో కలవక పలుచగా పరచుకొని, తీవ్రమైన న్యుమోనియాకు దారితీస్తాయి. కడుపులో ఉన్నప్పటి కంటే ఊపిరితిత్తులలోనే వాటి వల్ల ముప్పు ఎక్కువ. కనుక వాంతి చేయించకూడదు, నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదు. తడిసిన బట్టలు తీసివేసి, ఆ సీసాను వెంట తీసుకొని, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు సోదరి అడిగిన ప్రశ్నకు వద్దాం. కట్టె, గుడ్డ, కాగితం మండుతుంటే నీరు వాటిని తడిపి, అంటిపెట్టుకొని ఉండి, వేడిని లాగివేస్తుంది. మంట ఆరిపోతుంది. మండుతున్న నూనెతో నీరు కలవదు. పైగా వంటనూనె నీటి కంటే తేలిక. లీటరు నూనె బరువు దాదాపు 920 గ్రాములే. అందుచేత పోసిన నీరు నూనె అడుగుకు దిగుతుంది. అప్పటికి ఆ నూనె వేడి 300 డిగ్రీలకు పైనే ఉంటుంది, నీరు మరగడానికి 100 డిగ్రీలు చాలు. అడుగుకు చేరిన నీరు క్షణంలో ఆవిరై, తన పరిమాణానికి 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఆ విస్ఫోటం మండుతున్న నూనెను సన్నని తుంపరలుగా చేసి గాలిలోకి విసురుతుంది. ప్రతి తుంపరకూ చుట్టూ గాలి అందుతుంది కాబట్టి అన్నీ ఒక్కసారిగా భగ్గుమంటాయి. ఆ సోదరి కళ్ళముందు పైకప్పును తాకిన మంట ఇదే. చెంబుకు బదులు గ్లాసెడు నీళ్ళు పోసినా జరిగేది ఇంతే.

మరి ఏం చేయాలి? ముందుగా, చేయి మంటకు అందకుండా ఉన్నట్లయితే పొయ్యి ఆర్పివేయాలి. కడాయిని పూర్తిగా కప్పగల లోహపు మూతను గాని, వెడల్పాటి పళ్ళెాన్ని గాని పక్క నుంచి జరుపుతూ దాని మీద మూయాలి. గాలి అందకపోతే మంట చచ్చిపోతుంది. మంట ఆరినట్లు కనిపించినా వెంటనే మూత తీయరాదు. నూనె పూర్తిగా చల్లారే దాకా అలాగే ఉంచాలి, లేకపోతే గాలి తగిలి మళ్ళీ అంటుకుంటుంది. మండుతున్న కడాయిని ఎత్తి బయటకు తీసుకుపోవాలని ఎన్నడూ ప్రయత్నించకూడదు. పిండి చల్లకూడదు, పిండి ధూళి కూడా మండుతుంది. నీరు కారుతున్న తడిగుడ్డ వేయడం నీళ్ళు పోయడంతో సమానమే. మంట అదుపు తప్పితే ఇంట్లో వారినందరినీ బయటకు పంపి, 101కు గాని 112కు గాని ఫోన్ చేయాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, వేపుడు పొయ్యి మీద ఉండగా అక్కడి నుంచి కదలకపోవడం. ఖర్జూరాలు సర్దే పనిని ఇంట్లో మరొకరు చేయవచ్చు. ఇఫ్తార్ ఏర్పాట్లు ఒక్క ఇల్లాలి భుజాల మీదనే పెట్టకుండా భర్త, పిల్లలు తలొక చేయి వేస్తే ఇటువంటి ప్రమాదాలు తగ్గుతాయి.

చివరిగా ఒక మాట. నూనె మంట మీద పోయకూడని ఆ నీరే కాలిన చేతికి మొదటి మందు. నీటి అణువులు పరస్పరం గట్టిగా పట్టుకొని ఉండటం వల్ల, నీరు వేడెక్కడానికి చాలా ఉష్ణం కావాలి. అదే బరువు గల వంటనూనెతో పోలిస్తే దాదాపు రెట్టింపు కావాలి. అందుకే కుళాయి క్రింద 20 నిమిషాల పాటు ధారగా పారే చల్లని నీరు చర్మం లోపలి వేడిని బాగా లాగివేస్తుంది. మన ఇళ్ళలో కాలిన చోట నెయ్యి, నూనె, టూత్‌పేస్టు రాసే అలవాటు ఉంది. అవి వేడిని లోపలే ఉంచి, గాయాన్ని మలినం చేస్తాయి. మంచుగడ్డ కూడా పెట్టకూడదు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసివేసి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, గాయం అరచేతి కంటే పెద్దదైనా, ముఖం మీదనో చేతుల మీదనో అయినా, కాలినది పిల్లలకైనా, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఆ సోదరి ముంజేయి ఇప్పుడు మానుతోందని తమ ఉత్తరంలో వ్రాశారు. వచ్చే రమజాన్ నాటికి కడాయి పక్కన దానికి సరిపడే మూత ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవలసిందని ఆమెకు మేము జవాబు వ్రాశాం. ఈ శీర్షిక చదివే ప్రతి ఇంటికీ మా మనవి అదే. ఈ రోజే వంటింట్లోకి వెళ్ళి, మీ కడాయిని సరిగ్గా కప్పే మూత ఉందో లేదో ఒకసారి చూడండి. మీ ఇంట రసాయన శాస్త్రం చదివే పిల్లలుంటే, నీరు ఎందుకు పోయకూడదో వారినే అడిగి చెప్పించుకోండి.